ముందు మిగిలిన కాలు

నాకు రిటైర్మెంటు శాలువా కప్పిన రోజున నా వయసు ముప్పై ఆరు. పాస్టరుగారు అలవాటు కొద్దీ, "ఈ సహోదరుని శేషజీవితం విశ్రాంతిగా గడవాలి" అని ప్రార్థన చేశారు. వెనక బెంచీలో మా అమ్మ మాత్రం కళ్లు తెరిచే ఉంది. ఈ శేషజీవితానికి పెళ్లి ఎప్పుడు చేయాలా అని చూస్తోంది.

పద్నాలుగేళ్లు నేను కృత్రిమ కాళ్లు తయారు చేశాను. సికింద్రాబాద్‌లో ఒక పాత చర్చి వెనక, రేకుల కప్పు కింద నడిచే చిన్న వర్క్‌షాపు మాది. రోజంతా ప్లాస్టరు అచ్చులు గీకితే ఆ పొడి ఊరికే ఎక్కడికీ పోదు. నా ఊపిరితిత్తుల్లోకి పోయింది. మెట్లెక్కితే లోపల ఈల వినిపించే స్థితికి వచ్చాక డాక్టరు సూటిగా చెప్పాడు: "నువ్వో, ప్లాస్టరో, ఎవరో ఒకరు ఆ గదిలోంచి బయటికి రావాలి." ప్లాస్టరు నాకంటే సీనియరు. నేనే వచ్చేశాను. ఇప్పుడు బేగంపేటలో ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తుతున్నాను. అక్కడ దుమ్ము లేదు. ఆ ఉద్యోగం గురించి చెప్పడానికి ఇంకేమీ కూడా లేదు.

మొన్న వర్క్‌షాపులో కొత్తగా చేరిన ఇద్దరు ఫోన్ చేసి, "జోయెల్ అన్నా, జెర టిప్స్ ఉంటే వాట్సాప్ చెయ్" అన్నారు. నాకు తెలిసింది ఒక్కటే. కానీ అది తెలియడానికి ఒక మనిషి కాలివేలు పోయింది. అంత సంగతి మెసేజ్‌లో పట్టదు. అందుకని ఇది రాస్తున్నాను.

అసలు పని

బయటివాళ్లలో కొందరు మాది వడ్రంగం అనుకుంటారు, కొందరు దైవకార్యం అనుకుంటారు. "ఎంత పుణ్యం చేసుకున్నావు బాబూ" అనేవాళ్లెవరూ మా గదిలో ఒక పూట కూర్చోలేదు. కూర్చుంటే ముందు రబ్బరు వాసన, తర్వాత జిగురు వాసన, ఆ తర్వాత మనుషుల చెమట వాసన వస్తాయి. పుణ్యం వాసన నాకైతే ఎప్పుడూ తగల్లేదు.

పని ఇది. కాలు తీసేశాక మిగిలిన భాగాన్ని మేము స్టంప్ అంటాం. దానికి పలుచటి మేజోడు తొడిగి, ఎముక తగిలే చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టి, తడి ప్లాస్టరు పట్టీలు చుడతాం. అది గట్టిపడే దాకా మోకాలి కింద రెండు బొటనవేళ్లతో నొక్కి పట్టుకుని కూర్చోవాలి. తర్వాత ఆ అచ్చులోంచి నమూనా తీసి, గీకి, సరిచేసి, స్టంప్ లోపల కూర్చునే గిన్నె తయారు చేస్తాం. ఆ గిన్నె సరిగా కుదిరితే మనిషి నడుస్తాడు. కుదరకపోతే కాలు మంచం కింద ఉంటుంది.

ప్లాస్టరు గట్టిపడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. నన్నడిగితే ఆ ఐదు నిమిషాలే ఉద్యోగం. రెండు చేతులూ ఎదుటి మనిషి మోకాలి మీద ఉంటాయి. ఫోన్ తీయలేవు, ముక్కు గోక్కోలేవు. ఎదురుగా ఒక మొహం ఉంటుంది. ఆ మనిషితో మాట్లాడాలి, లేదా పైన ఫ్యాను చూడాలి. మొదటి మూడేళ్లు నేను ఫ్యానే చూశాను. దాని మూడు రెక్కల్లో ఏది ఎంత వంకరో ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను.

మాట్లాడిన కొద్దిసార్లూ జోకులే. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, "కాలు కాస్త తెల్లగా చెయ్యి నాయనా" అన్నాడు.

"మీ రెండో కాలు నలుపే కదా తాతగారూ?"

"అది దేవుడు చేశాడు, అడగలేం. ఇది నువ్వు చేస్తున్నావు కదా."

ఇలాంటివాళ్లు వచ్చిన రోజు హాయిగా ఉండేది. మిగతా రోజుల్లో నాకు మనుషులు కాదు, మోకాళ్లు వచ్చేవి.

ప్రభుదాసు సార్ టబ్బు

మా పెద్ద ప్రభుదాసు సార్. గుంటూరు వైపు మనిషి. కళ్లద్దాలకు దారం కట్టుకుని మెడలో వేసుకునేవారు. పొద్దున్నే వర్క్‌షాపు ప్రార్థన ఆయనే చేసేవారు: "ప్రభువా, ఈ పూట వచ్చేవాళ్లను మా చేతులు నొప్పించకుండా చూడు. ఆమెన్." మా చర్చిలో ఇంత పొట్టి ప్రార్థన ఇంకెవరూ చేయలేరు. ఆ ఒక్క కారణానికే నేను ఆయన్ని గౌరవించడం మొదలుపెట్టాను.

ఆయనకో పద్ధతి ఉండేది. పేషెంటు కుర్చీలో కూర్చోగానే స్టంప్ ముట్టుకునేవారు కాదు. కింద చాప మీద కూర్చుని, నీలం రంగు ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి, రెండో కాలు, అంటే మిగిలి ఉన్న కాలు, దాని చెప్పు విప్పి కడిగేవారు. వేళ్ల సందుల్లో తుడిచేవారు. పాదం ఎత్తి, అద్దాలు పెట్టుకుని అరికాలు చూసేవారు. ఆ తర్వాతే కొలత.

నాకు ఇది నాటకంలా కనిపించేది. మా చర్చిలో శ్రమల వారం గురువారం నాడు, అంటే గుడ్ ఫ్రైడే ముందు రోజు, ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినట్టు పాస్టరుగారు పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. ఆ పన్నెండు మంది ముందు రోజే గోళ్లు తీసుకుని, కాళ్లు రుద్దుకుని, పౌడరు వేసుకుని వస్తారు. ఒక ఏడు ఆ పన్నెండులో నేనూ ఉన్నాను. నాకు అరికాళ్లలో చక్కిలిగింతలు. చర్చంతా కన్నీళ్లు తుడుచుకుంటున్న సమయంలో నేను కిచకిచమని నవ్వాను. మా అమ్మ చర్చి స్కూల్లో టీచరు. ఆ నవ్వును ఆవిడ ఇంకా క్షమించలేదు.

అందుకని చేరిన కొత్తలోనే అడిగాను: "సార్, మనకు రోజూ శ్రమల గురువారమేనా?"

"నీళ్లు చల్లారాయి, మార్చుకు రా" అన్నారు ఆయన.

ఇక్కడ నిజం ఒకటి చెప్పాలి. ప్రభుదాసు సార్ గొప్ప పనివాడు, చెడ్డ మాస్టారు. చూసి నేర్చుకోవాలనేవారు గానీ ఎందుకో ఎప్పుడూ చెప్పేవారు కాదు. కారణంలో సగం నాకు పక్క క్లినిక్‌లో నర్సు రత్నకుమారి సిస్టర్ చెప్పింది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి షుగరు వల్లనే కాలు పోతుంది. అదే షుగరు రెండో కాలిలో స్పర్శ తీసేస్తుంది. ముల్లు దిగినా తెలియదు. పైగా బరువంతా దాని మీదే. కాబట్టి పోయిన కాలికంటే మిగిలిన కాలిని ముందు చూడాలి.

ఇది నాకు తెలుసు. తెలియక తప్పు చేశానని చెప్పుకునే అవకాశం లేకుండా ముందే రాసేస్తున్నాను.

తొమ్మిది మంది, ఒక జోకు

ఒకసారి మేనకోడలి పెళ్లికని సార్ గుంటూరు వెళ్తూ రెండు రోజులకు వర్క్‌షాపు నాకు అప్పగించారు. పొద్దున తలుపు తీసేసరికి బెంచీ మీద తొమ్మిది మంది ఉన్నారు. ప్లాస్టరు కలిపే బకెట్‌లో పాత ప్లాస్టరు రాయిలా గట్టిపడి ఉంది. పక్కనే నీలం టబ్బు ఖాళీగా కనిపించింది. ప్లాస్టరు అందులో కలిపాను. టబ్బు ప్లాస్టరుకు పోయింది కాబట్టి కాళ్లు కడగడం కుదరలేదు. నా మనసు ఎంత చక్కగా పనిచేస్తుందో చూడండి.

వాళ్లలో మల్లమ్మ ఒకరు. మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మే మనిషి. భర్త లేడు. కూతురు సుజాత, తను. ఎడమ కాలు మోకాలి కింది నుంచి పోయింది. ఏడాది కింద మేమే కాలు చేసిచ్చాం. స్టంప్ మొదటి ఏడాది చిక్కిపోతుంది, గిన్నె వదులవుతుంది. అందుకని కొత్త కొలతకు వచ్చింది.

"ఏం పిలగా, ఇయ్యాల నువ్వే పెద్ద సారువా?"

"ఇయ్యాల, రేపు, గంతే అమ్మా. మీ అదృష్టం బాగుంది."

"నా అదృష్టం నాకెరుకే. గందుకే గిక్కడున్న" అంటూ కుర్చీలో కూర్చుని, గుడ్డ బూటు వేసుకున్న కుడి కాలు నా ముందుకు చాపింది. "సారైతే ముందుగాల గీ కాలు కడుగుతడు."

"ఉన్న కాలుకేమైతది అమ్మా? మన పంచాయితీ లేని కాలుతోనే గదా!" అన్నాను.

బెంచీ అంతా నవ్వింది. మల్లమ్మ కూడా నవ్వి, కాలు వెనక్కి తీసుకుంది. మంచి జోకే. ఇప్పటికీ మంచి జోకే అంటాను. మనిషి చాపిన కాలిని వెనక్కి పంపడానికి వాడకుండా ఉంటే ఇంకా బాగుండేది.

సాయంత్రానికి తొమ్మిది అచ్చులూ వరసగా పెట్టి ఫొటో తీసి సార్‌కు పంపాను. ఒక్క రోజులో అన్ని ఆయన కూడా ఎప్పుడూ తీయలేదు. ఆయన జవాబుగా పెళ్లి భోజనం విస్తరి ఫొటో పంపారు.

చింతగింజ

పది రోజుల తర్వాత మల్లమ్మ కొత్త గిన్నె తొడిగి చూసుకోవడానికి వచ్చింది. సార్ చాప మీద కూర్చుని టబ్బు అడిగారు. తెచ్చి ఇచ్చాను. టబ్బు లోపల, అంచుకు కొంచెం కింద, చుట్టూ తెల్లటి ప్లాస్టరు గీత ఉంది. ఎంత రుద్దినా పోలేదది. సార్ గోటితో ఆ గీతను కాసేపు గీకారు.

మల్లమ్మ బూటు విప్పగానే అందులోంచి టక్కుమని ఏదో నేల మీద పడింది. చింతగింజ.

"అగో, గిదెప్పుడు జొచ్చింది?" అని ఆశ్చర్యపోయింది మల్లమ్మ. "మా బాజుల కూసునేటామె చింతపండు గంపలది."

సార్ పాదం ఎత్తి చూశారు. చిటికెన వేలి మొదట్లో, అడుగున, చొక్కా గుండీ అంత పుండు. చుట్టూ నల్లబడింది. వాసన నాకు నిలబడిన చోటికే వచ్చింది.

"నొప్పేం లేదు సారూ."

"నొప్పి లేకపోవడమే నాకు భయంగా ఉందమ్మా" అన్నారు సార్.

రత్నకుమారి సిస్టర్ వచ్చి చూసి, "రెండు వారాల పైమాటే" అంది. నేను మనసులో రోజులు వెనక్కి లెక్కపెట్టాను. నేను జోకు వేసిన పూట ఆ గింజ ఆ బూటులోనే ఉంది. దానికీ నాకూ మధ్య ఒక గుడ్డ మాత్రమే అడ్డం.

మల్లమ్మను ఆసుపత్రికి పంపాక సార్ చేతులు తుడుచుకుంటూ అడిగారు.

"ఆ రోజు ఎంతమందికి కొలత తీశావురా?"

"తొమ్మిది మందికి సార్."

"ఎన్ని కాళ్లు చూశావు?"

"తొమ్మిది."

"పద్దెనిమిది ఉండాలి కదా" అన్నారు.

అంతే. పద్నాలుగేళ్లలో నాకు పడిన పెద్ద తిట్టు అదే. మిగతా ఎనిమిది మందినీ మరునాడే పిలిపించి చూశాం. ఒకాయనకు గోరు పెరిగింది తప్ప అందరూ క్షేమం.

మల్లమ్మకు చిటికెన వేలు తీసేశారు. పుండు మానితే సరి, మానకపోతే పాదం, అక్కడా ఆగకపోతే కాలు, అని చెప్పారు ఆసుపత్రి డాక్టరు. రెండో కాలూ పోతే ఆవిడ మళ్లీ మార్కెట్‌లో కూర్చోదు. కొన్ని వారాల పాటు ఆ పాదం మీద బరువు పడకూడదు, రోజూ కట్టు మార్చాలి. ఆవిడ ఇల్లు బోయిగూడలో ఆటో కూడా దూరని గల్లీ. రోజూ వెళ్లడం సిస్టర్‌కు కుదరదు. నేను వెళ్తానన్నాను. నాలుగు రోజులు సిస్టర్ కట్టు కడితే నేను చూశాను. నాలుగు రోజులు నేను కడితే ఆవిడ చూసింది. తర్వాత ప్రతి శనివారం వచ్చి తనే పరీక్ష చేస్తానంది.

గుడి ముంగటి నల్లా

ఒంటరిగా వెళ్లిన మొదటి రోజు ఉత్త చేతులతో ఎందుకని డజను అరటిపండ్లు పట్టుకెళ్లాను.

"గివేంది?" అంది మల్లమ్మ.

"అరటిపండ్లు అమ్మా."

"షుగరున్నదానికి అరటిపండ్లా! ఇంకో వేలు గూడ గావాల్నా నీకు?"

వంటగదిలోంచి సుజాత పకపకా నవ్వుతూ వచ్చి పండ్లు తీసుకుపోయింది. నేను కట్టు కట్టి లేచేసరికి మూడు పండ్లు తొక్కలయ్యాయి.

పది రోజులు అలా వెళ్లాను. జోకులు లేవు. తల వంచుకుని, సమాధుల తోటలోకి వచ్చినట్టు వచ్చి, కట్టు మార్చి, తల వంచుకుని వెళ్లేవాణ్ణి. మోటారు సైకిలు మీద వస్తూ పోతూ ఒప్పుకోలు ఒకటి తయారు చేసుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో కూడా ఖాయం చేసుకున్నాను. పదకొండో రోజు చెప్పేశాను.

"అమ్మా, ఆ రోజు మీరు కాలు చాపినా నేను చూడలేదు. చూసుంటే మీ వేలు ఉండేది. తప్పంతా నాదే." గొంతు అనుకున్న చోటే వణికింది.

"ఎరుకే" అంది మల్లమ్మ. "గా పాశిపోయిన ముచ్చట చెప్పెతందుకు పది దినాల సంది మూతి ముడుసుకొని వస్తున్నవా? బట్ట సక్కగ కట్టు, ఊడిపోతది."

కట్టాను. ఆవిడ ఆగలేదు.

"ఒక్క మాట చెప్త, ఇను. నువ్వు నాకోసం వస్తలేవు పిలగా. నీ తప్పు కడుక్కునేతందుకు వస్తున్నవ్. నా కాలేమన్న గుడి ముంగటి నల్లానా, నువ్వొచ్చి కడుక్కొని పోయెతందుకు?"

ఊడని ముడిని విప్పి మళ్లీ కట్టాను.

"రేపటి సంది నాకోసమొస్తే రా. లేకుంటే గా సిస్టరమ్మను తోలియ్యి. నీ ఏడుపు మొకం జూస్తే నా షుగరు పెరుగుతున్నది."

తలుపుకు అడ్డం

ఆ రోజు అచ్చు గీకుతున్న సార్ దగ్గర కూర్చుని జరిగింది చెప్పాను.

"ఆవిడన్నది నిజమే కదరా" అన్నారు.

"నిజమే సార్. మరి ప్రేమ ఎక్కణ్ణుంచి తేవాలి? స్టోర్‌రూమ్‌లో వెతికాను, లేదు."

ఆయన నవ్వారు. ఏడాదికి రెండుసార్లు నవ్వేవారు, అందులో ఒకటి క్రిస్మస్‌కు. "తెచ్చేదేముంది? తలుపు తీసుంటే అదే వస్తుంది. నువ్వు నీ గురించి ఆలోచించుకుంటూ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నావు. కాస్త జరుగు."

"ఎలా జరగాలి సార్?"

"రేపు వెళ్లి, నిన్న ఏం తిన్నావమ్మా అని అడుగు. మన పనికి అక్కర్లేనిది ఏదో ఒకటి అడుగు. జవాబు చివరిదాకా విను. అంతే."

ఆయన అంత పొడుగు మాట్లాడటం చూసి నాకు ధైర్యం వచ్చింది. ఆ టబ్బు సంగతి మళ్లీ అడిగాను. కింద కూర్చుని కడగకపోతే ఏం, కుర్చీలో కూర్చుని చూసినా పుండు కనిపిస్తుంది కదా?

"కింద కూర్చున్నవాణ్ణి ఎదుటివాళ్లు భయం లేకుండా తిట్టొచ్చు" అన్నారు. "తిట్టగలిగినవాళ్లు నిజం చెబుతారు. ఎక్కడ నొప్పో చెబుతారు. శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు స్టూలేసుకుని కూర్చున్నాడని నేనెక్కడా వినలేదు."

ఇది కారణంలో రెండో సగం. ఇంత మంచి మాటను ఏళ్ల తరబడి దాచుకున్నందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ చిన్న కోపం ఉంది. కొత్తవాళ్లకు మీరు మొదటి రోజే చెప్పండి.

పుంటికూర

"నిన్న ఏం తిన్నరు అమ్మా?"

మల్లమ్మ అనుమానంగా చూసింది. "ఎందుకు? డాక్టర్‌కు చాడీలు చెప్పెతందుకా?"

"లేదమ్మా, ఊరికే అడిగిన."

"ఊరికే అడిగేటోళ్లు సుత ఉన్నరా సికింద్రాబాద్‌ల?" అంది. అని, పుంటికూర పప్పుతో మొదలుపెట్టి అరగంట ఆగలేదు. ఏ ఊరి కూర పులుపు, ఏ ఊరిది ఉత్త నార, వాన పడితే ఆకు ఎలా చెడిపోతుంది, మార్కెట్‌లో ఎవరు నీళ్లు చల్లి బరువు పెంచుతారు, అన్నీ. నేను నోరు జారి, "మా ఇంట్లో దాన్ని గోంగూర అంటరు" అన్నాను. యుద్ధం షురూ అయింది.

మా అమ్మది గుంటూరు. ఆవిడకు చెబితే, "పుంటికూరేంటి, పేరు కూడా సరిగ్గా పెట్టలేదు పాపం" అంది. ఆ మాట బోయిగూడకు మోశాను. "మీ అమ్మకు కూర ఎరుకలేదు, పేరే ఎరుక" అన్న జవాబును ఇంటికి మోశాను. మా అమ్మ పచ్చడి సీసా పంపింది. మల్లమ్మ వేలితో నాకి, "ఉప్పు మస్తైంది, చెప్పు మీ అమ్మకు" అంది. అయితే మరునాటికి సీసా ఖాళీ. ఒకరినొకరు చూడకుండానే వాళ్లిద్దరూ నా మీదుగా పోట్లాడుకునేవారు. నేను రోజూ కట్టుగుడ్డతో పాటు ఒక తిట్టు కూడా పట్టుకెళ్లేవాణ్ణి. వస్తూ రెండు తెచ్చేవాణ్ణి.

ఒక శనివారం పొద్దున ఏడింటికి నేను మల్లమ్మ గుమ్మంలో ఉన్నాను. లోపల రత్నకుమారి సిస్టర్ కట్టు విప్పుతోంది.

"ఇవాళ నా వంతు కదా, నువ్వెందుకొచ్చావు?" అంది సిస్టర్.

నిజమే. ఎందుకొచ్చానో నాకూ తెలియలేదు.

"నాకోసమొచ్చిండు" అంది మల్లమ్మ, నా వైపు చూడకుండానే.

ఆకాశం ఏమీ తెరుచుకోలేదు. గల్లీ మొదట్లో నీళ్ల ట్యాంకరు ఇరుక్కుని హారన్ కొడుతోంది. కానీ తిరిగి వెళ్తూ నేను చర్చి పాట ఒకటి కూనిరాగం తీస్తున్నానని సిగ్నల్ దగ్గర పక్క బండి మనిషి చూపు వల్ల తెలిసింది. చాలా రోజులుగా ఛాతీలో ఉన్న బరువు లేదు. గ్యాస్ తగ్గిందనుకున్నాను. దాని పేరు ఆనందమని తెలియడానికి ఇంకొన్ని వారాలు పట్టింది.

ప్రేమిస్తే ఆనందం కలుగుతుందని చిన్నప్పటినుంచి ప్రసంగాల్లో విన్నాను. నేను దాన్ని టికెట్ కొంటే రైలు వస్తుంది అన్నట్టు అర్థం చేసుకున్నాను. ఆనందం కోసం చూస్తూ చేసిన రోజున అది రాలేదు. తప్పు కడుక్కోవడానికి చేసిన రోజున అసలే రాలేదు. మల్లమ్మ పుంటికూర గురించి చెబుతుంటే, ఆ ఆకు గురించి నిజంగా తెలుసుకోవాలనిపించి, ముడి వేయడం మరిచిపోయి వింటున్నప్పుడు వచ్చింది. వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను అన్నమాట. అందుకే లోపలికి రాగలిగింది.

ఒక హెచ్చరిక కూడా. ప్రేమ ఉంది కదా అని చేతులు కడుక్కోకుండా కట్టు కట్టకండి. పుండుకు మీ మనసు కనిపించదు, మీ గోళ్లలో మట్టి కనిపిస్తుంది.

నాలుగు వేళ్లు

పుండు మానడానికి తొమ్మిది వారాలు పట్టింది. చివర్లో సార్ నన్ను ఆ పాదానికి మెత్తటి రబ్బరు చెప్పు చేయమన్నారు. పుండు ఉన్న చోట గుంట, మడమ వెనక పట్టీ. మొదటిది వంకర పోయింది. రెండోది ఒరుసుకునేలా ఉందని సార్ కోసి పారేశారు. మూడోది తొడిగితే మల్లమ్మ అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"గిదేం చెప్పు? పోలీసోళ్ల బూటుకు పుట్టినట్టున్నది."

ఆ చెప్పుతోనే ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు అరికాలు నొక్కి చూసి, "మూసుకుపోయింది. ఈ కాలు ఇక నీదే" అన్నాడు.

"ఇన్నొద్దులు ఎవలదనుకున్నవ్?" అంది మల్లమ్మ. చెప్పు తొడుగుతున్న నాకు మాత్రం ఆవిడ చెయ్యి నా భుజం మీద గట్టిగా బిగుసుకోవడం తెలిసింది. అది వదలడానికి చాలాసేపు పట్టింది.

కొత్త కాలు తొడిగే రోజున సార్ టబ్బు నా వైపు జరిపారు. చాప మీద నేను కూర్చున్నాను. నాలుగు వేళ్ల పాదం. కడిగాను, సందుల్లో తుడిచాను, అడుగున చూశాను. ఆ తర్వాత ఉద్యోగం వదిలే దాకా ఒక్క కాలు కూడా చూడకుండా వదల్లేదు. ప్లాస్టరు గట్టిపడే ఐదు నిమిషాల్లో ఫ్యాను మాత్రం చూడటం మానేశాను.

మల్లమ్మ మార్కెట్‌లో మళ్లీ కూర్చున్న మొదటి వారం చూడటానికి వెళ్లాను. గంపల ముందు నిలబడి సంతోషంగా చూస్తున్నాను.

"కొనేటోనివైతే కొను, లేకుంటే జెర పక్కకు జరుగు. గిరాకీకి అడ్డమున్నవ్" అని అరిచింది. వెళ్లిపోతుంటే పిలిచి ఒక కట్ట చేతిలో పెట్టింది. "మీ అమ్మకియ్యి. పుంటికూర అని చెప్పియ్యి."

అందరూ మల్లమ్మలు కారు. ఒకాయనకు నేను చాలా మనసు పెట్టి కాలు చేశాను. నచ్చక, తీసి నా మీదికి విసిరాడు, మళ్లీ రాలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పేరు ప్రార్థనలో ఇంకా తలుచుకుంటాను. కాలు మాత్రం గాల్లో తిన్నగా వచ్చింది. బ్యాలెన్సు బాగా కుదిరిందన్నమాట.

శాలువా తర్వాత

మొదట్లో చెప్పిన, వర్క్‌షాపులోనే పెట్టిన ఆ రిటైర్మెంటు సభలో ప్రార్థన అయ్యాక సమోసాలు పంచుతుండగా మల్లమ్మ వచ్చింది. బోయిగూడ గల్లీ నుంచి వర్క్‌షాపు దాకా ఒక చేసిన కాలుతో, ఒక మిగిలిన కాలుతో నడిచి వచ్చింది. మా అమ్మను పైనుంచి కిందికి చూసి, "నువ్వేనా గోంగూర?" అంది. మా అమ్మ, "నువ్వేనా పుంటికూర?" అంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

తర్వాత మల్లమ్మ లేచి, పేషెంట్ల కుర్చీ చూపించి, "కూసో" అంది నాతో. కూర్చున్నాను. తను ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "బూట్లిడువు."

మూలన నీలం టబ్బు ఉంది. అందరూ దాన్ని చూశారు. పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. ప్రభుదాసు సార్ కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఎవరో వీడియో తీయడానికి ఫోన్ ఎత్తారు.

"ఏంది, కడుగుతననుకున్నరా?" అంది మల్లమ్మ గదినంతా చూసి. "ఎన్నడన్న కాలు కడుక్కోకుంట వచ్చినోడా ఈడు? నేను జూస్త, అంతే. పైకెత్తు."

ఎత్తాను. మేజోడుకు చిల్లు. బొటనవేలు బయటికి చూస్తోంది. "పెండ్లి జెయ్యమ్మా వీనికి" అంది మా అమ్మతో. "అదే నేనూ మొత్తుకుంటున్నా" అంది మా అమ్మ. వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

మల్లమ్మ మేజోడు తీసి, నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, మడమ నొక్కి, వేళ్ల సందులు విడదీసి, అరికాలి మీద బొటనవేలితో మెల్లగా తడుముతూ చూసింది. ఆవిడ వేలు పోయినప్పటి నుంచి నేను ఎలా చూస్తూ వచ్చానో అచ్చంగా అలాగే చూసింది. నాకు చక్కిలిగింతలని చెప్పాను కదా. నవ్వేశాను. చర్చిలో నవ్వినదానికంటే గట్టిగా, కళ్లలో నీళ్లు వచ్చేంతగా నవ్వాను. ఈసారి మా అమ్మ ఏమీ అనలేదు.

"కదలకురా, చూడనియ్యి" అని మల్లమ్మ రెండో కాలు కూడా ఎత్తమంది. దాన్నీ అంత నిదానంగానే చూసింది. తర్వాత రెండు పాదాలూ దగ్గరగా చేర్చి, ఒకసారి తట్టి, కింద పెట్టింది.

"రెండూ జూసిన" అంది. "మంచిగున్నయ్. ఇగ పో."